కర్రలో కరెంటు పోతుందా, పోదా?

 

ఈ ఎపిసోడ్‌లో మనం స్కూల్లో చదివేసి, పరీక్ష రాసేసి, ఇక అయిపోయింది అని వదిలేసిన ఒక పాఠం గురించి మాట్లాడుకుందాం. కండక్టర్లు, ఇన్సులేటర్లు. తెలుగు మీడియంలో చదివిన వాళ్ళకైతే విద్యుత్ వాహకాలు, విద్యుత్ బంధకాలు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో ఒక గీత గీసి, ఎడమ పక్కన రాగి, ఇనుము, అల్యూమినియం, వెండి అని రాసుకున్నాం. కుడి పక్కన చెక్క, రబ్బరు, గాజు, ప్లాస్టిక్. పావుగంటలో పాఠం అయిపోయింది. రెండు మార్కుల ప్రశ్న.

నాకు ఆ గీత మీదే అభ్యంతరం. ఆ గీత వల్ల మనకి ఏం అలవాటైందంటే, కరెంటు పోవడం, పోకపోవడం అనేది ఆ వస్తువు పుట్టుకతో వచ్చిన గుణం అనుకుంటాం. చెక్క అంటే ఇన్సులేటర్. అంతే, ఎప్పటికీ ఇన్సులేటరే. అందుకే ఎవరికైనా కరెంటు షాక్ కొడితే పక్కనున్న వాళ్ళు "కర్ర తీసుకురా, కర్ర" అని అరుస్తారు. వానాకాలంలో, పెరట్లో, తడిసిన కర్ర. ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది.

"చెక్కలో కరెంటు పోతుందా?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ చెక్క? ఎండిందా, తడిసిందా? ఎన్ని వోల్టులు? ఈ మూడూ తెలియకుండా జవాబు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఈ గీత మొదట ఎవరు గీశారో చూడాలి. ఆ కథ చాలా బాగుంటుంది.

1729. ఇంగ్లండ్. స్టీఫెన్ గ్రే అని ఒకాయన. వృత్తి బట్టలకి రంగులద్దడం, ఇష్టం సైన్సు. అప్పటికి బ్యాటరీ లేదు, జనరేటర్ లేదు. కరెంటు అంటే గాజు గొట్టాన్ని చేత్తో గట్టిగా రుద్దితే పుట్టే స్థిర విద్యుత్తే. దువ్వెన తల మీద రుద్ది కాగితం ముక్కల్ని లేపేవాళ్ళం చూడండి, అదే. గొట్టంలోకి దుమ్ము పోకుండా గ్రే రెండు చివర్లా కార్కు బిరడాలు పెట్టాడు. రుద్దింది గాజుని. కానీ ఈక వచ్చి కార్కుకి కూడా అతుక్కుంది! అంటే గాజులో ఉన్నది కార్కులోకి వెళ్ళింది. ఎంత దూరం వెళ్తుంది ఇది? ఆ ప్రశ్నతో ఆయనకి నిద్ర పట్టలేదనుకుంటా. కార్కుకి పుల్ల గుచ్చాడు, పుల్ల చివర దంతపు బంతి పెట్టాడు, వెళ్ళింది. పుల్ల తీసేసి పురికొస కట్టి మేడ మీద నుంచి కిందకి వేలాడదీశాడు, వెళ్ళింది.

ఇంకా దూరం పంపాలంటే పురికొసని అడ్డంగా లాగాలి కదా. పైకప్పు దూలానికి ఇంకో పురికొస ముక్కతో వేలాడగట్టి చూశాడు. అస్సలు వెళ్ళలేదు. మొత్తం ఆ ముక్క గుండా దూలంలోకి జారిపోయింది. అప్పుడు ఆయన స్నేహితుడు గ్రాన్‌విల్ వీలర్, పట్టు దారంతో వేలాడదీద్దాం అన్నాడు. పట్టు దారం సన్నంగా ఉంటుంది కాబట్టి దాని గుండా తక్కువ కారిపోతుందని వాళ్ళ ఆలోచన. పని చేసింది. కొన్నాళ్ళకి బరువు ఆపలేక పట్టు దారం తెగింది. సరే, అంతే సన్నగా ఉండే ఇత్తడి తీగ కట్టారు. మళ్ళీ మొత్తం పోయింది, చివరికి ఏమీ చేరలేదు. అప్పుడు అర్థమైంది, విషయం సన్నం, లావు కాదు. పట్టు ఆపడానికి కారణం అది పట్టు కావడమే. కరెంటుని పోనిచ్చేవి కొన్ని, ఆపేవి కొన్ని అనే వర్గీకరణ ఆ తెగిన దారం దగ్గర పుట్టింది. మరుసటి ఏడాది ఆయన ఒక కుర్రాణ్ణి పట్టుతాళ్ళతో గాల్లో వేలాడదీసి, గాజు గొట్టం దగ్గరికి పెట్టి, ఆ అబ్బాయి మొహానికి, చేతులకి రేకు ముక్కలు ఎగిరొచ్చి అంటుకోవడం చూపించాడు. మనిషి కూడా కండక్టరే అని. ఇప్పుడైతే ఎవరూ పర్మిషన్ ఇవ్వరు లెండి.

ఇందులో మీరు గమనించారా? చరిత్రలో మొదటి కరెంటు లైను రాగి తీగ కాదు, పురికొస! ఈరోజు పురికొసని మీ ఇంట్లో బ్యాటరీకీ బల్బుకీ మధ్య కట్టండి, బల్బు వెలగదు. మన నోట్‌బుక్‌లో అది కుడి పక్కన. గ్రే లిస్టులో ఎడమ పక్కన. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. ఆ నారలో గాలి నుంచి పీల్చుకున్న చెమ్మ ఉంది. స్థిర విద్యుత్తు అంటే వేల వోల్టులు, కానీ కదలాల్సిన ఛార్జి చాలా తక్కువ. ఆ కాస్త ఛార్జికి ఆ కాస్త చెమ్మ చాలు. బల్బు వెలిగించడానికి చాలదు. అంటే మీరు అడిగే ప్రశ్న మారితే లిస్టు మారుతుంది.

మరి కొలత ఏంటి? విశిష్ట నిరోధం. ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి రెసిస్టివిటీ. ఒక్కో వైపు మీటరు ఉండే దిమ్మని ఊహించుకోండి. ఈ ముఖం నుంచి ఎదురు ముఖానికి కరెంటు పంపితే ఎన్ని ఓమ్‌ల అడ్డు వస్తుంది అనేది ఆ పదార్థం లెక్క. రాగి దిమ్మ అయితే 1.7 ఓమ్‌లో పది కోట్లో వంతు. మామూలు గాజు దిమ్మ అయితే రకాన్ని బట్టి 1 పక్కన 10 నుంచి 14 సున్నాలు. మధ్యలో 12 సున్నాలు తీసుకుందాం. ఈ రెండిటికీ తేడా ఎంతో ఊహించడం కష్టం, అందుకే ఇలా చూడండి. రాగి అంకెని ఒక మిల్లీమీటరు గీతగా గీశామనుకోండి. అదే స్కేలులో గాజు గీత గీయాలంటే కాగితం చాలదు, ఊరు చాలదు, భూమి చాలదు. సూర్యుడి తర్వాత మనకి దగ్గరగా ఉన్న నక్షత్రం 4 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది. ఆ గీత దాన్ని కూడా దాటిపోతుంది. చేత్తో పట్టుకోగలిగే వస్తువుల్లో ఒక గుణం ఇంత తేడాగా ఉండటం నాకు తెలిసి చాలా అరుదు. ఇంత పొడుగు గీతని పట్టుకుని మనం రెండే రెండు డబ్బాల్లో వేశాం.

మెటల్స్ గురించి ఎక్కువ సేపు చెప్పను. అన్నిటికంటే మంచి కండక్టర్ వెండి, దాని వెనకే రాగి. బంగారం మూడోది. మరి మీ సిమ్ కార్డు మీద పసుపుగా మెరిసే పూత బంగారమే కదా, రాగి కంటే తక్కువైన దాన్ని అక్కడ ఎందుకు పెట్టారు? ఎందుకంటే బంగారం చిలుము పట్టదు. రాగి మంచిదే, కానీ దాని మీద పట్టే చిలుము మంచిది కాదు. పొలాల మీదుగా వెళ్ళే పెద్ద లైన్లలో అల్యూమినియం వాడతారు. రాగి కంటే అడ్డు ఎక్కువే, కాబట్టి తీగ లావుగా వెయ్యాలి. అయినా అదే పని చేసే రాగి తీగ బరువులో సగమే ఉంటుంది, స్తంభాలకి భారం తగ్గుతుంది. లాగినా తెగకుండా మధ్యలో ఉక్కు తీగలు పెడతారు. ఐరన్ బాక్స్‌లో నిక్రోమ్ ఉంటుంది. రాగి కంటే అరవై రెట్లకి పైగా అడ్డుకుంటుంది. అడ్డుకుంటేనే కదా వేడి పుట్టేది, అక్కడ మనకి కావాల్సింది అదే.

ఐరన్ బాక్స్ అన్నాను కాబట్టి ఒక్క మాట. పాత ఐరన్ బాక్స్ విప్పితే ఆ నిక్రోమ్ తీగని పల్చటి మెరిసే రేకు మీద చుట్టి ఉంటారు. అది అభ్రకం. మనవాళ్ళు కాకిబంగారం అంటారు. నెల్లూరు అభ్రకం, అంటే గూడూరు, సైదాపురం చుట్టుపక్కల గనుల నుంచి తవ్వినది, ప్రపంచమంతా వెళ్ళింది. దాని గొప్ప ఏంటంటే, ఎర్రగా కాలే తీగ పక్కన కూర్చున్నా కాలదు, కరెంటుని పక్కకి పోనివ్వదు. ప్లాస్టిక్ కూడా ఇన్సులేటరే, అక్కడ పెడితే ముద్దైపోతుంది. కాబట్టి ఇన్సులేటర్లలో కూడా ఏది ఎక్కడ అనే ప్రశ్న ఉంది.

సరే, ఇప్పుడు తడి దగ్గరికి వద్దాం. ఇది కాస్త నిదానంగా వినండి.

నీళ్ళు కండక్టరా? బాగా శుద్ధి చేసిన, ఏ లవణమూ లేని నీళ్ళ దిమ్మ తీసుకుంటే దాదాపు 1,80,000 ఓమ్‌లు. అది ఇన్సులేటర్ వైపు వాలిన అంకె. మన కుళాయి నీళ్ళు అయితే ఊరిని బట్టి పదుల ఓమ్‌లు. సముద్రం నీళ్ళు 0.2 ఓమ్. చూశారా, పేరు అన్నిటికీ నీళ్లే. లోపల కరిగిన ఉప్పులు వేరు. నీళ్ళలో కరెంటుని మోసేది ఆ ఉప్పుల నుంచి విడిపోయిన అయాన్లు. మెటల్‌లో లాగా ఎలక్ట్రాన్లు కాదు. మినరల్ వాటర్ బాటిల్ ప్యూర్ అనుకుని ప్రయోగాలు చెయ్యకండి, పేరులోనే మినరల్ ఉంది.

ఇప్పుడు మన శరీరం. లోపలంతా ఉప్పు నీళ్ళే. మనల్ని కాపాడేది పైన ఉన్న ఎండిన చర్మం ఒక్కటే. చర్మం బాగా పొడిగా ఉంటే అడ్డు 1,00,000 ఓమ్‌ల దాకా ఉండొచ్చు. తడిస్తే 1,000 ఓమ్‌ల దగ్గరికి పడిపోతుంది. మన ఇళ్ళలో 230 వోల్టులు. భాగించండి. పొడిగా ఉంటే 2.3 మిల్లీ ఆంపియర్లు, జివ్వుమంటుంది. తడిగా ఉంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఇంట్లో పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్ 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితేనే కట్ చేసేస్తుంది, ఎందుకంటే ఆ పైన గుండెకి ప్రమాదం. 230 అంటే ఎంతో మీరే చూడండి. అదే మనిషి, అదే స్విచ్ బోర్డు. తేడా తడి ఒక్కటే. అలాగని పొడి చెయ్యి అయితే ఫర్వాలేదు అనుకోవద్దు, 230 వోల్టుల దగ్గర చర్మం అడ్డు కూడా సెకన్లలో తగ్గిపోగలదు. ఆ లక్ష ఓమ్‌లు నమ్ముకోదగిన అంకె కాదు.

తెలుగు పేపర్లు చదివే అలవాటున్న వాళ్ళకి ఈ వార్త తెలిసే ఉంటుంది. వానాకాలంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఇంటి ముందు బట్టలు ఆరేసుకోవడానికి జీఐ తీగతో దండెం కడతారు. ఒక కొస స్తంభానికో, రేకుల షెడ్డు గొట్టానికో కడతారు. కరెంటు స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు ఆ రేకుకో, దండేనికో రాసుకుంటూ ఉంటుంది. గాలికి ఊగి ఊగి వైరు పైన ప్లాస్టిక్ తొడుగు అరిగిపోతుంది. ఎండాకాలమంతా ఏమీ కాదు. వాన పడుతుంది. అమ్మ తడి బట్ట తీసుకెళ్ళి తడి చేత్తో దండెం మీద వేస్తుంది, కాళ్ళ కింద తడి నేల. పడిపోతుంది. కొడుకు పరిగెత్తుకొచ్చి అమ్మని పట్టుకుంటాడు. వార్తలో చాలాసార్లు రెండు పేర్లు, ఒక్కోసారి మూడు పేర్లు ఎందుకు ఉంటాయంటే ఇందుకే. ఇనుము కండక్టర్ అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తడి బట్ట, తడి నేల, తాము పట్టుకున్న మనిషి, ఇవన్నీ ఆ నిమిషంలో ఎడమ పక్కకి వచ్చేశాయని ఎవరికీ తట్టదు.

కాబట్టి ఈ ఎపిసోడ్ చూసిన తర్వాత మీ ఇంట్లో దండెం ఏంటో చూడండి. జీఐ తీగ అయితే తీసేసి నైలాన్ తాడు కట్టండి. ప్లాస్టిక్ తొడుగున్న ఇనుప తీగ వద్దు, ముడి వేసిన దగ్గర తొడుగు చిట్లి ఇనుము బయటికి వస్తుంది. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి, లేదా ప్లగ్ పీకండి. అది కుదరనప్పుడే, అది కూడా ఇంటి కరెంటుకే, మీరు పొడి చెక్క పీట మీదో, ప్లాస్టిక్ స్టూల్ మీదో నిలబడి, పొడిగా ఉన్న కర్రతోనో, ప్లాస్టిక్ పైపుతోనో వైరుని పక్కకి నెట్టాలి. మనిషి విడిపోయాక 108కి ఫోన్. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ వచ్చేదాకా సీపీఆర్.

11 కేవీ లైను తెగి పడితే మాత్రం ఏ కర్రా పనికిరాదు. 11,000 వోల్టులకి ఆ కర్రలో మిగిలిన చెమ్మ చాలు. గాలి కూడా ఇన్సులేటరే కదా, దానికీ హద్దుంది. మిల్లీమీటరుకి దాదాపు 3,000 వోల్టులు దాటితే గాలి కూడా లొంగిపోతుంది, నిప్పు రవ్వ దూకుతుంది. పిడుగు అంటే అదే. తెగిపడిన లైను చుట్టూ నేలలో కూడా కరెంటు పాకుతుంది, అందుకని కనీసం 10 మీటర్ల దూరం ఉండి 1912కి ఫోన్ చెయ్యండి. దగ్గరలో ఇరుక్కుపోతే పెద్ద అడుగులు వెయ్యకూడదు. రెండు కాళ్ళ మధ్య దూరం పెరిగేకొద్దీ రెండు పాదాల మధ్య వోల్టేజి పెరుగుతుంది. పాదాలు దగ్గరగా పెట్టి, నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ రావాలి.

డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఈ తడి సంగతి బాగా తెలుసు. స్తంభాల మీద పింగాణీ గిన్నెలు ఉంటాయి చూడండి, గొడుగులు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టు. ఆ ఆకారం అందం కోసం కాదు. పింగాణీ లోపల నుంచి కరెంటు పోదు, కానీ వాన పడితే పైన నీటి పొర కడుతుంది, దుమ్ము కూడా కలిస్తే అది కండక్టర్. గొడుగు ఆకారంలో చేస్తే కింది భాగం పొడిగా ఉంటుంది, ఉపరితలం మీద దారి పొడవు పెరుగుతుంది. ఇంకోవైపు ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలం నీళ్ళు పోస్తారు. అక్కడ మట్టి కండక్టర్‌గా ఉండాలి కాబట్టి. ఒకచోట తడిని తప్పిస్తాం, ఇంకోచోట తడిని పిలుస్తాం.

సరే, భయం చాలు. ఇప్పుడు మూడో రకం. సెమీకండక్టర్లు, అర్ధవాహకాలు.

పేరు చూసి చాలామంది కండక్టర్‌కీ ఇన్సులేటర్‌కీ మధ్యలో ఉన్నవి అనుకుంటారు. పుస్తకంలో కూడా అలాగే ఉంటుంది. అంకె మధ్యలో ఉన్న మాట నిజమే. కానీ మధ్యలో ఉంటే ఏంటి గొప్ప? కుళాయి నీళ్ళు కూడా అంకెలో మధ్యలోనే ఉన్నాయి, వాటితో ఫోన్ తయారు చెయ్యలేదు కదా. నన్నడిగితే అసలు పరీక్ష వేడి చేసి చూడటం. మెటల్‌ని వేడి చేస్తే అడ్డు పెరుగుతుంది. పాత 60 వాట్ల బల్బు తీసుకోండి. వెలుగుతున్నప్పుడు దాని ఫిలమెంట్ దాదాపు 880 ఓమ్‌లు. ఆర్పేసి చల్లారాక కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. సెమీకండక్టర్ దీనికి రివర్స్. వేడి చేస్తే అడ్డు తగ్గుతుంది. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌లో ఇది గమనించాడు. మెటల్స్ అన్నీ ఒక దారి, ఇది ఒక దారి. ఎందుకో చెప్పడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

ఆ మధ్యలో మనవాడు ఒకాయన ఉన్నాడు, జగదీశ్ చంద్ర బోస్. కలకత్తాలో కూర్చుని గెలీనా అనే సీసం ఖనిజంతో రేడియో తరంగాలని పట్టే పరికరం చేశాడు. దానికి 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. సెమీకండక్టర్ పరికరానికి తొలి పేటెంట్లలో అది ఒకటి. ఆ ఖనిజం మన దగ్గర కూడా దొరికింది, వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో తవ్వారు.

కారణం చెప్పింది 1931లో అలన్ విల్సన్ అనే ఇంగ్లీష్ కుర్రాడు, క్వాంటం మెకానిక్స్ వాడి. నేను సినిమా హాలుతో చెప్తాను. కింద హాలు, పైన బాల్కనీ. ఎలక్ట్రాన్లు ప్రేక్షకులు. కదలాలంటే పక్కన ఖాళీ సీటు ఉండాలి. రాగి హాలు సగం ఖాళీ. ఎవరు ఎటైనా జరగొచ్చు, చిన్న తోపు చాలు, జనం కదులుతారు. అదే కండక్టర్. వజ్రం హాలు కింద హౌస్‌ఫుల్, బాల్కనీ మొత్తం ఖాళీ. కింద కదలడానికి సీటు లేదు. పైకి పోదామంటే టికెట్ ధర 5.5 ఎలక్ట్రాన్ వోల్టులు. మామూలు వేడిలో ఒక్కొక్కరి జేబులో సగటున ఉండేది 0.025. ఎవరు పోతారు? కాబట్టి ఇన్సులేటర్. సిలికాన్ హాలు కూడా కింద హౌస్‌ఫుల్లే, కానీ బాల్కనీ టికెట్ 1.1. ఇది కూడా ఎక్కువే, కానీ కోట్ల కోట్ల మందిలో ఏ ఒక్కడికో జేబులో అంత పడుతుంది. వాడు పైకి వెళ్తాడు, పైన హాయిగా తిరుగుతాడు. కింద వాడి సీటు ఖాళీ అయింది కాబట్టి పక్కవాడు అందులోకి జరుగుతాడు, వాడి సీట్లోకి ఇంకొకడు. ఖాళీ సీటే నడుస్తున్నట్టు కనపడుతుంది. దాన్నే హోల్ అంటారు. వేడి పెరిగితే జేబుల్లో డబ్బు పెరుగుతుంది, పైకి వెళ్ళేవాళ్ళు పెరుగుతారు, అడ్డు తగ్గుతుంది. ఫారడే చూసింది అదే.

చూశారా, కండక్టర్, ఇన్సులేటర్ పూర్తిగా వేరు జాతులు. రాగికీ వజ్రానికీ తేడా హాలు నిండిందా లేదా అని. కానీ ఇన్సులేటర్‌కీ సెమీకండక్టర్‌కీ తేడా టికెట్ ధర మాత్రమే. అక్కడ గట్టి గీత లేదు. గాజుని ఎర్రగా కాల్చి మెత్తబడేదాకా వేడి చేస్తే అందులో కూడా కరెంటు పోతుంది, అక్కడ కదిలేది అయాన్లు. ఇంకో విచిత్రం. వజ్రం, పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్, రెండూ కార్బనే. ఒకటి ఇన్సులేటర్, ఒకటి కండక్టర్. అణువు ఒకటే, అమరిక వేరు. వేడి మాత్రం వజ్రంలో రాగి కంటే కూడా బాగా పోతుంది. వేడిని పోనిచ్చేది కరెంటుని కూడా పోనిస్తుంది అనే లెక్క అక్కడ చెల్లదు.

ఇక సిలికాన్ అసలు కథ. స్వచ్ఛమైన సిలికాన్‌లో రూమ్ వేడిలో దాదాపు 5 లక్షల కోట్ల అణువులకి ఒక ఎలక్ట్రాన్ పైకి వెళ్తుంది. చాలా తక్కువ. ఇప్పుడు ఆ సిలికాన్‌లో ప్రతి 10 లక్షల అణువులకి ఒక్క ఫాస్ఫరస్ అణువు కలపండి. పది వంద కిలోల బస్తాల బియ్యంలో ఒక గ్రాము కలిపినట్టు. ఫాస్ఫరస్ దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఉంటుంది, వాడికి కింద సీటు లేదు, దాదాపు ఉచితంగా బాల్కనీకి పోతాడు. తిరిగే ఎలక్ట్రాన్లు ఎన్ని రెట్లు పెరిగాయో తెలుసా? 50 లక్షల రెట్లు. రాగిలో ఒక గ్రాము ఏదైనా కలిపితే అడ్డు కొద్దిగా మారుతుంది, అంతే. సిలికాన్‌లో అయితే అది వేరే పదార్థమే అయిపోతుంది. ఫాస్ఫరస్ బదులు బోరాన్ కలిపితే ఎలక్ట్రాన్ బదులు హోల్ వస్తుంది. దీన్నే డోపింగ్ అంటారు. ఆ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి, మీద ఇంకో చిన్న వోల్టేజితో ఈ క్షణం కండక్టర్‌గా, మరుక్షణం ఇన్సులేటర్‌గా మారుస్తారు. మీ ఫోన్ ప్రాసెసర్‌లో ఇలాంటి స్విచ్‌లు, ఖరీదైన ఫోన్లయితే వెయ్యి కోట్లకి పైగా ఉంటాయి. అంటే మీరు ఈ వీడియో చూస్తున్నది కండక్టర్ వల్లా కాదు, ఇన్సులేటర్ వల్లా కాదు. డబ్బా మార్చుకోగలిగే పదార్థం వల్ల.

మే నెల ఎండలో ఫోన్ ఎందుకు స్లో అవుతుందో కూడా ఇక్కడే ఉంది. వేడికి సిలికాన్‌లో ఆపేసిన స్విచ్‌ల గుండా కూడా కరెంటు కారుతుంది. ఆ కారడం వల్ల ఇంకా వేడి. అందుకని ఫోన్ తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది.

టచ్ స్క్రీన్ చూడండి. పైన గాజు, ఇన్సులేటర్. దాని కింద కంటికి కనపడని పల్చటి కండక్టర్ గీతలు, చాలా ఫోన్లలో ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థంతో. గాజులా కనపడుతూ మెటల్‌లా కరెంటు పోనిచ్చేవి అరుదు, ఇది అలాంటిది. మీ వేలు ఉప్పు నీళ్ళ సంచి కాబట్టి, గాజు మీద పెట్టగానే అక్కడ విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఫోన్ దాన్ని కనిపెడుతుంది. గోరు కొసతో నొక్కండి, పని చెయ్యదు. గోరు పొడి ఇన్సులేటర్. ప్లాస్టిక్ పెన్ను మూత, పని చెయ్యదు. చేత్తో పట్టుకున్న క్యారెట్ ముక్క, పని చేస్తుంది! స్క్రీన్ మీద వాన చినుకులు పడితే ఫోన్ పిచ్చెక్కినట్టు దానంతట అదే నొక్కుకుంటుంది, కారణం తెలిసిపోయింది కదా.

ఇంకో రకం ఉంది, పేరు మాత్రం చెప్పి వదిలేస్తాను. 1911లో కామర్లింగ్ ఓనెస్ అనే డచ్ శాస్త్రవేత్త పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే అడ్డు తగ్గడం కాదు, కొలవలేనంతగా మాయమైపోయింది. సూపర్ కండక్టర్. ఎంఆర్ఐ స్కాన్ యంత్రం లోపల ఉన్న అయస్కాంతం ఎక్కువగా అలాంటి తీగతో చేసిందే, ద్రవ హీలియంలో ముంచి పెడతారు. దీని గురించి విడిగా ఒక ఎపిసోడ్ చెయ్యాలి.

మీరు ఇంట్లో చెయ్యగలిగేది ఒకటి చెప్పి ఆపేస్తాను. ప్లగ్ పాయింట్ జోలికి వెళ్ళకుండా, ఓన్లీ మల్టీమీటర్‌తో. ఎలక్ట్రికల్ షాపులో కొన్ని వందలకి వస్తుంది. ఓమ్‌లలో పెట్టండి. కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో నల్లగా, మందంగా ఒక గీత గీసి రెండు కొసల మీద మీటరు ముళ్ళు పెట్టండి. అంకె వస్తుంది. ఎండిన చీపురుపుల్ల మీద పెట్టండి, మీటరు చేతులెత్తేస్తుంది. అదే పుల్లని ఉప్పు నీళ్ళలో గంట నానబెట్టి మళ్ళీ పెట్టండి. తర్వాత ఆ రెండు ముళ్ళనీ మీ రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని అంకె రాసుకోండి, చేతులు కడుక్కుని తడిగా మళ్ళీ పట్టుకుని ఇంకో అంకె రాసుకోండి. మీటరులో ఉండేది చిన్న బ్యాటరీ కాబట్టి ఏమీ కాదు. ఆ రెండు అంకెలూ మీ ఇంట్లో దండెం కట్టే వాళ్ళకి చూపించండి.

వచ్చే ఎపిసోడ్‌లో బ్యాటరీలు. ఉంటానండీ.